ప్యాకెట్టు వెనక్కి తిప్పి

షువైఖ్ రేవు పక్క గోదాములో
నా పని అంటించడం.
జీడిపప్పు పాకం అచ్చులు, ఎనభై గ్రాములవి,
రెండు వందల పన్నెండు పెట్టెలు.
తెలుగు అక్షరాల పక్కనే ఒక అరబ్బీ చీటీ.
వంకర పోకూడదు, బుడగ లేవకూడదు,
తయారీ తేదీ మీదికి గోరంత కూడా జరగకూడదు.
తేదీని కప్పితే సరుకు మొత్తం తిరుగు ఓడెక్కుతుంది,
లేదా గోతిలోకి పోతుంది.

బయట జులై. ఇనుప తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.
లోపల ఏసీ ఉన్నది మాకు కాదు, బెల్లానికి.

సరుకు దిగిన రోజే ఒక కుర్రాడొచ్చి
పదో పెట్టె, నలభయ్యో పెట్టె, అట్టడుగు పెట్టె తెరిపించి
సంచుల్లో వేసుకుని పట్టుకెళ్ళాడు, లాబ్‌కి.
బూజు విషం వెతుకుతారట.
కంటికి కనపడదు, నాలిక్కి తెలీదు,
వంద కోట్ల పాళ్ళలో నాలుగు పాళ్ళున్నా
పట్టేస్తుందట యంత్రం.
నాకు నవ్వొచ్చింది.
సివిల్ ఐడీకి వెళ్ళిన రోజు
అద్దం మీద నా బొటనవేలు ఏడుసార్లు పెట్టించి
"దీనికి గీతలేవీ?" అంది కుర్చీలో ఆవిడ.
గీతలు కాశీబుగ్గలో ఉన్నాయమ్మా,
పదేళ్ళు జీడిపిక్కలు కొట్టిన పీట కింద.
ఆ నూనె తోలు తినేస్తుంది, బూడిద రాసుకున్నా ఆగదు.
ఈ సంగతి చెప్పేంత అరబ్బీ
అప్పటికి నాకు రాదు.

పదకొండో రోజు కాగితం వచ్చింది: విషం లేదు, అమ్ముకోవచ్చు.
మేనేజరు కుంజుమోన్ అందరికీ టీ తెప్పించాడు.
ఒక అచ్చు విరిచి తలా ముక్క పెట్టాడు.

నోట్లో వేసుకున్నాను.
బెల్లం. యాలక్కాయ. జీడిబద్ద.
ఆ తర్వాత, పంటి వెనక, ఆలస్యంగా
పల్లీ.

చీటీ మీద పల్లీ లేదు.
జీడిబద్ద ధర పెరిగిందేమో,
అక్కడెవరో పలుకులు కలిపారు.
పాకంలో పడ్డాక ఎవరు గుర్తుపడతారు,
పీట మీద పదేళ్ళు కూర్చున్న నాలిక తప్ప?

చెప్పకపోతే ఏమవుతుంది?
టీ చల్లారేలోగా లెక్క వేశాను.
ఏమీ కాదు. పెట్టెలు అమ్ముడవుతాయి.
జీతం ఐదో తారీఖుకే పడుతుంది.

కానీ దానా ఉంది.
సల్వాలో నేను మొదట పనిచేసిన ఇంటి పిల్ల.
నాలుగేళ్ళది. నా చెయ్యి వదలకుండా "దిల్లూ, దిల్లూ" అని తిరిగేది.
ఊరినుంచి ఎవరో తెచ్చిన పల్లీ ఉండలోంచి చిటికెడు,
ముద్దొచ్చి, పెట్టాను.
ముందు పెదాలు ఉబ్బాయి. ఆపైన కళ్ళు.
ఊపిరి ఈల వేసింది.
వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి
గౌను మీంచే తొడలోకి సూది గుచ్చింది.
పిల్ల బతికింది.
ఆవిడ నన్ను కొట్టలేదు, తిట్టలేదు.
పంపించేసే ముందు ఒకటే అడిగింది:
"అందులో ఏముందో నాకెందుకు చెప్పలేదు?"

"సార్, ఇందులో పల్లీ ఉంది."
"లాబ్ పాసయింది కదా, దిల్లీశ్వరీ."
"లాబ్ విషం చూసింది సార్. పల్లీని ఎవరూ చూడలేదు."
గ్లాసు గాల్లో అలాగే ఉంచి
నా వేళ్ళవైపు చూశాడు చాలాసేపు.

మళ్ళీ ఫోన్లు, మళ్ళీ లాబ్, మళ్ళీ చీటీలు.
పాతవి నేనే గీకాను, వేడినీళ్ళ గుడ్డతో, గోళ్ళతో.
ఆ నెల జీతం పద్దెనిమిదిన పడింది,
మూడు దినార్లు తక్కువగా.
కొత్త చీటీలో ఒక మాట మాత్రం లావుగా ఉంది:
ఫూల్ సూదానీ.
అరబ్బీలో నేను చదవగలిగిన మొదటి మాట అదే.

శుక్రవారం ఉప్పు కోసం
జలీబ్‌లో దుకాణానికి వెళ్ళాను.
ఎవరో ఈజిప్టావిడ, పక్కన పిల్లాడు,
వాడి చేతిలో మా అచ్చు.
కావాలని కాళ్ళు నేలకేసి కొడుతున్నాడు.
ఆవిడ తీసుకుని, ప్యాకెట్టు వెనక్కి తిప్పింది.
లావు మాట దగ్గర ఆవిడ వేలు ఆగింది.
మెల్లగా అరలో పెట్టేసింది.

ఒక్కటి అమ్ముడుపోలేదు.
ఉప్పు మర్చిపోయి గదికొచ్చాను.